దాహసూచి చెప్పిన మాట

నాగూర్బీ ఊపిరి బిగబట్టి నిలబడింది. మిరప చేని నడుమ, తెల్ల స్తంభానికి బిగించిన దాహసూచి మీద అంకె కదలడం లేదు. ‘దాహం లేదు’ అని పచ్చగా వెలుగుతోంది. దాని చుట్టూ మొక్కలేమో తలలు వేలాడేశాయి. ఇంకో రెండు రోజులైతే పంట మొత్తం పోయేలా ఉంది.

దాహసూచులు వచ్చాక పల్నాడులో నీళ్ల తగాదాలు పోయాయి. ఆకులో పుట్టే పిసరంత కరెంటును అవి కొలుస్తాయి. కరెంటు తగ్గితే చేనికి దాహమని లెక్క. కాలువ తూము దానంతటదే లేస్తుంది. మనిషి మాటకు లేవదు. ఎమ్మెల్యే వచ్చి బతిమాలినా లేవదు. ఈ చేనికి చాలా రోజులుగా తూము లేవకపోవడం చూసి, కొలతల ఆఫీసు వాళ్లు నాగూర్బీని పంపారు.

“సూచికేం కాలేదు గదమ్మాయ్?” చేను గల కోటమ్మ దగ్గరికొచ్చింది.

“కాస్త దూరంగా నిలబడు పిన్నీ. మన ఒంటి కరెంటు కూడా దీన్ని కంగారు పెడుతుంది.”

తీగ గాలికి ఊగుతోందేమోనని గట్టిగా కట్టి చూసింది. తన నైలాన్ చున్నీ రాపిడికి కరెంటు పుడుతోందేమోనని దాన్ని తీసి గట్టు మీద పెట్టి చూసింది. చివరికి ఆకు నుంచి వచ్చే తీగనే ఊడదీసింది. అప్పుడూ అదే అంకె. నాగూర్బీకి భలే సరదా వేసింది. ఆకే లేకపోతే ఈ కరెంటు ఎక్కడిది?

వంగి చూస్తే, తీగలను విడదీసే పింగాణీ బిళ్ల మీద పసుపు, పైన కుంకుమ బొట్టు.

“ఇదెవరు పెట్టారు పిన్నీ?”

“నేనే. శుక్రవారం శుక్రవారం తలకి పోసుకుని పెడతన్నా. చేను కడుపు చూసే తల్లి గదా.”

“ఆ పసుపు తడి పట్టింది. పక్కనున్న బ్యాటరీ తీగలోంచి కరెంటు దాని మీదుగా పాకి వస్తోంది. ఆకు ఇచ్చిందే అనుకుంటోంది ఇది.”

స్పిరిటుతో బిళ్లను తుడిచి, ఆరనిచ్చి, తీగ మళ్లీ తగిలించింది. అంకె పడిపోయింది. దూరంగా తూము లేచిన చప్పుడైంది. నాగూర్బీ సంబరంగా వెనక్కి తిరిగింది. కోటమ్మ నీళ్ల వైపు చూడటం లేదు.

“ఆకులు వాడటం నీకు కనబడలేదా పిన్నీ? ముందే కబురు చేయాల్సింది.”

“కనబడ్డయ్యి. తల్లేమో దాహం లేదంటంది. పుట్టి బుద్ధెరిగినకాడ్నించీ మిరప చేలోనే ఉన్నదాన్ని, నా కళ్లకే ఏదో అయిందనుకున్నా.” ముక్కు మీది కళ్లద్దాలు తీసి చూపించింది. “గుంటూరు పోయి ఇయ్యి చేయించుకొచ్చా. పెట్టుకున్నా వాడినట్టే కనబడతంటే, సిగ్గేసి ఎవరికీ చెప్పలా.”

నాగూర్బీ ఆమె దగ్గరికి నడిచింది.

“నీ కళ్లు బాగానే ఉన్నాయి పిన్నీ.”

కోటమ్మ ఆమె వంక చూడలేదు. స్తంభం వంక చూసింది.

“ఇప్పుడదేమంటంది?” అని అడిగింది.