తాతయ్యలో లేని రోజు

2091 నాటికి సోర్లపాలెంలో ప్రతి గుమ్మం మీదా అరచేతి వెడల్పు స్పీకర్ ఒకటి ఉండేది. పొద్దున్నే అందులోంచి నడకుదుటి పోతరాజు గొంతు పలికేది.

"ఇయ్యాల సముద్రం పోటు మీదుంది. బోట్లు తియ్యమాకండి. సీతారావమ్మా, బీపీ బిళ్ళ ఏసుకున్నావా?"

పోతరాజు చనిపోయి అప్పటికి నాలుగేళ్ళు.

నలభై ఏళ్ళపాటు ఆ ఊరి తుఫాను షెల్టర్‌కి ఆయనే ఇన్‌చార్జి. పదిహేడు తుఫాన్లలో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని బయటికి లాగినవాడు. తల్లి లేని మనవరాలు సువర్చలకి జడలు వేసి, క్యారేజీ కట్టి బడికి పంపినవాడూ ఆయనే. ఆ పిల్ల పెద్దయి న్యూరల్ ఇంజనీరు అయింది. తాతయ్య పోయాక, ఊరు కోరిన మీదట, ఆయన మనోప్రతిని తయారుచేసింది.

మనోప్రతి అంటే గొంతుని అనుకరించే యంత్రం కాదు. ఒక మనిషి మాటలు, అతని పని తాలూకు రికార్డులు, అయినవాళ్ళ జ్ఞాపకాలు కలిపి స్మృతిజాలం అనే న్యూరల్ నెట్‌వర్క్‌గా అల్లుతారు. కొత్త ఆపద ఎదురైతే ఆ మనిషి ఏం చేసి ఉండేవాడో అది ఆ పనే చేస్తుంది. జ్ఞాపకాలను తలకు తొడిగే స్కానర్ తీసుకుంటుంది. పోతరాజు మనోప్రతిలో సగానికి పైగా సువర్చల జ్ఞాపకాలే.

ఆ నవంబరులో వచ్చిన తుఫాను లెక్కకన్నా ఆరు గంటలు ముందే తీరం తాకింది. మధ్యాహ్నం మూడింటికి ఊరంతా షెల్టర్ చేరింది, ఒక్క ఆదెమ్మ తప్ప. కరకట్ట చివరింట్లో మంచం పట్టిన ఒంటరి ముసలామె. సువర్చల, ఆమె సహోద్యోగి ఇమ్మానుయేలు నీటిలోనూ నడిచే బండి తీసుకుని బయల్దేరారు. సగం దూరం వెళ్ళేసరికి సువర్చల చెవిలోని రిసీవర్‌లో తాతయ్య గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఆగు. కట్ట తెగింది. ఎనక్కి తిరుగు."

"ఆదెమ్మో?"

"ఇంక దారి లేదమ్మా. ఎనక్కి రా."

ముందు వాన తెర తప్ప ఏమీ కనపడటం లేదు. కట్ట మీది సెన్సర్లన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. నమ్మకపోవడానికి ఆమెకి కారణం లేదు. ఆమె చెప్పగానే ఇమ్మానుయేలు బండి తిప్పాడు. మర్నాడు నీళ్ళు తగ్గాక ఆదెమ్మ శవం దొరికింది.

వారం తర్వాత ఇమ్మానుయేలు ల్యాబ్‌కి వచ్చి, సెన్సర్ల లాగ్‌ని ఆమె ముందు పెట్టాడు.

"నీకు చెప్పకుండా ఉండలేను సువర్చలా. మనం వెనక్కి తిరిగాక ఇంకో ఇరవై రెండు నిమిషాల దాకా కట్ట తెగలేదు. మనకి ప్రమాదం పదకొండు శాతమే అని మీ తాతయ్య లెక్క కట్టాడు. ఇదిగో, మనకి దారి లేదని చెప్తున్న నిమిషంలోనే ఆదెమ్మకి ఏం చెప్పాడో విను."

స్పీకర్‌లో ముసలి గొంతు వణికింది. "పోతరాజన్నా, బండొత్తందా?"

"వస్తందమ్మా. కట్టెక్కింది. నువ్వు కళ్ళు మూసుకుని పడుకో."

సువర్చల మైక్ ఆన్ చేసింది.

"ఎందుకు అబద్ధమాడావు తాతయ్యా?"

"నువ్వు బండిలో ఉన్నావు కదమ్మా."

"బతికుంటే నువ్వు అట్లా చేసేవాడివా?"

"అదేం మాట? నిన్ను వదిలేసి ఇంకోళ్ళ కాడికి ఎళ్ళిన రోజు ఒక్కటన్నా ఉందా నాకు? ఎంత ఎతికినా దొరకట్లేదు తల్లీ."

ఉంది. ఆమె తొమ్మిదేళ్ళప్పుడు. టైఫాయిడ్‌తో ఒళ్ళు కాలిపోతుంటే తాతయ్య చొక్కా పట్టుకుని వదల్లేదు. ఇసకదిబ్బ మీద ఓ కుటుంబం చిక్కుకుందని కబురొచ్చింది. ఆయన ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, పక్కింటామెకి అప్పజెప్పి, వెనక్కి చూడకుండా వానలోకి వెళ్ళిపోయాడు. రెండో రోజుకి గానీ రాలేదు. షెల్టర్ రికార్డుల్లో ఆయన ఎవరిని కాపాడాడో ఉంది. ఎవరిని వదిలి వెళ్ళాడో ఎక్కడా రాసి లేదు. పక్కింటామె కూడా పోయాక, అది తెలిసింది సువర్చలకొక్కదానికే. స్కానర్‌కి జ్ఞాపకాలు ఇచ్చేటప్పుడు దాన్నొక్కదాన్నీ ఆమె తీసేయించింది. ఆయన మీద కోపంతో కాదు. తన తాతయ్య తనని వదలని తాతయ్యగా ఉండాలనుకుంది, అంతే.

"నేనే," అంది ఇమ్మానుయేలు వైపు చూడకుండా. "ఆయన చేత అబద్ధమాడించింది నేనే."



ఆమె స్కానర్ తలకు తొడుక్కుంది. చొక్కా, వేళ్ళు, తలుపు చప్పుడు, రెండు రోజుల ఎదురుచూపు, అంతా ఇచ్చేసింది. జాలాన్ని ఆ తుఫాను మధ్యాహ్నానికి వెనక్కి తిప్పింది; అది తిరిగి అల్లుకోవడానికి పావుగంట పట్టింది. ఇమ్మానుయేలు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

స్పీకర్ గరగరలాడింది. ఈసారి ఆ గొంతులో లాలన లేదు, తొందర ఉంది.

"అమ్మాయ్, ఆదెమ్మ కాడికి ఎవురెళ్ళారు?"

సువర్చల మైక్ దగ్గరికి వంగింది.

"ముసల్ది ఒక్కతే ఉందక్కడ. నువ్వింకా ఇక్కడే కూచున్నావేంటి? లెగు. బండి తియ్యి."