తువాలు కింది ధర

కమలాక్షమ్మ ఆ పొద్దు కూడా పాలు ఎక్కువే పోయించుకుంది. పాలావిడ వెళ్లిపోయాక గిన్నెలోకి చూసుకుని, ఇన్ని పాలు ఏం చేసుకోవాలో తోచక కాసేపు వాకిట్లోనే నిలబడింది. పెళ్లయి నంద్యాలకు వచ్చినప్పటి నుంచీ అలవాటైన చెయ్యి మరి. మండీ తెరవకముందు నలుగురైదుగురు వ్యాపారులు వాళ్ల వసారాలో కూర్చుని కాఫీ తాగేవారు. రాత్రి దిగిన బండ్ల గురించీ, పడని వాన గురించీ మాట్లాడుకుని, నవ్వుకుంటూ లేచి వెళ్లేవారు. గ్లాసులు కడగలేక ఆమె విసుక్కున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు అదే వసారాలో చాప పరిస్తే కూర్చోవడానికి ఒక్క మనిషి రావడం లేదు.

ఎనభై రెండో సంవత్సరం అది. వేరుశనగ కొత్త పంట మార్కెట్టుకు వస్తున్న రోజులు. ఆ సరుకు కొని అమ్మే మండీ నడుపుతున్న ఇంటాయన హనుమంతయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వసారాలో కూర్చున్నాడు. వీధిలో చెన్నకేశవులు వస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, పక్క మండీ ఆయనే. హనుమంతయ్య ముఖం విప్పారింది. "ఏం కేశవా" అనబోయాడు. చెన్నకేశవులు తలెత్తకుండా వీధికి అవతలి పక్కకు తిరిగి వెళ్లిపోయాడు.

"అమ్మా, సోమవారం అనంతపురం పోవాల. నాయనకు చెప్పు," అన్నాడు లోపలి గదిలోంచి కొడుకు జనార్దనం.

"పొమ్మను. ఎవరు పట్టుకున్యారు?" అన్నాడు హనుమంతయ్య వసారాలోంచి.

ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంది. అయినా మధ్యలో కమలాక్షమ్మ ఉండాలి. కొన్నాళ్లుగా ఆ ఇంట్లో ఆమె పని అదే.

జనార్దనం అనంతపురం యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం పరిశోధన చేస్తున్నాడు. నంద్యాల, ఆళ్లగడ్డ తాలూకాల మధ్య సరుకు ఎటు పోతుంది, డబ్బు ఎటు పోతుంది, ఒక ఊరు ఎందుకు పెరుగుతుంది, పక్క ఊరు ఎందుకు పెరగదు, ఇదీ అతని విషయం. కొడుకు ఊళ్లు పట్టుకు తిరిగి రాసుకుంటుంటే హనుమంతయ్యే నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాడు. చిక్కంతా ఆ రాసినదానిలో ఒక భాగం పేపర్లో పడ్డాక వచ్చింది.

మండీల్లో బేరం నోటితో జరగదు. కొనేవాడూ దళారీ చేతులు కలిపి, పైన తువాలు కప్పుకుని, వేళ్లు నొక్కి ధర తేల్చుకుంటారు. సరుకు తెచ్చిన రైతు ఎదురుగానే నిలబడి ఉంటాడు. అతనికి కనబడేది కదిలే తువాలు మాత్రమే. జనార్దనం అదంతా విప్పి రాశాడు, ఏ వేలు నొక్కితే ఏమని అర్థమో దానితో సహా. ఎవరి పేరూ రాయలేదు. కానీ అది చదివి మార్కెట్టు ఆఫీసర్లు వచ్చి, ఇకమీదట అందరి ముందూ వేలం పాడాల్సిందేనన్నారు. ఆ రాసిన పిల్లవాడు ఎవరింటివాడో ఊరికి తెలియనిది కాదు. హనుమంతయ్యను ఎవరూ ఏమీ అనలేదు, మాట్లాడటం మానేశారంతే. అమ్మవారి గుళ్లో కుంకుమపూజకు కమలాక్షమ్మకు పిలుపు రాలేదు. వీధిలో ఆడవాళ్లు ఆమె వస్తుంటే మాట మార్చేవారు.

ఆ పొద్దు ఎండెక్కే వేళకు ఆళ్లగడ్డ నుంచి వియ్యంకుడు మద్దిలేటయ్య వచ్చాడు. కూతురు వరలక్ష్మిని ఇచ్చింది ఆ ఇంటికే. నెలలు నిండుతున్నాయి, ఈ వారంలో పురిటికి తీసుకురావాలి. కమలాక్షమ్మ ఆదరాబాదరాగా నీళ్లచెంబు తెచ్చింది.

"రాండి అన్నా, ఆడ్నే నిలబడినారేంది? కాళ్లు కడుక్కోండి."

"కూసునేకి రాలేదమ్మా. ఒక మాట చెప్పి పోదామని వచ్చినా." మద్దిలేటయ్య మెట్టు ఎక్కలేదు. "పిల్లను పురిటికి పంపీడం లేదు. ఆళ్లగడ్డలోనే చేపిస్తాం."

"తొలికాన్పు గదన్నా! పుట్టింట్లో కాకుంటే..."

"పుట్టింటి పేరు ఇప్పుడు ఎట్లుందో నీకు తెలీదా? నా చేన్లో పండిన సరుకు నేను తోలేది ఈ నంద్యాల మండీలకే. ఆ ఇంటితో నీకేం యవ్వారమప్పా అని మొగం మీదనే అడుగుతాండారు. నీ కొడుకును మళ్లీ పేపర్లో రాపియ్యమను, నేను రాసింది తప్పు అని. ఆ పొద్దే నేనే పిల్లను బస్సెక్కిస్తా."

హనుమంతయ్య లేచి నిలబడ్డాడు. మద్దిలేటయ్య ఆయన వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. చెంబులో నీళ్లు అట్లాగే ఉండిపోయాయి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర హనుమంతయ్య చాలా రోజుల తర్వాత కొడుకుతో నేరుగా మాట్లాడాడు.

"విన్యావా, మీ మామ చెప్పింది?"

"విన్యా నాయనా."

"నాలుగు అక్షరాలు రాసిస్తే అయిపోయేదానికి చెల్లెలి పురుడు ఆపుతావా?"

"తప్పు రాసింటే రాసిస్తా. యాడ తప్పో చెప్పు."

"తప్పొప్పుల మాట కాదురా! ఇంటి గుట్టు అది. నీ చెయ్యి పట్టుకొని ఆ వేళ్ల లెక్క నేర్పింది నేను. దాన్ని తీస్కపోయి ఊరంతా చాటినావు."

"నువ్వు నేర్పినావు కాబట్టే తెలిసింది. తన కష్టం ధర తనకే తెలీకుండా రైతు ఎదురుగా నిలబడింటాడే, దాన్ని గుట్టంటావా?"

"మీ తాత కాలం నుంచి నడిచిందే అది. దాంతోనే నువ్వు చదివినావు."

"కాదన్లే నాయనా. దాంతోనే చదివినానని కూడా రాసినా."

హనుమంతయ్య విస్తరి ముందుకు తోసేశాడు. కోపం కొడుకు మీద నుంచి భార్య మీదికి మళ్లింది.

"వీనికి యాపారమంటే ఏం తెలుస్తాది? ఆళ్లగడ్డ రక్తం! మీ నాయన ఓబులయ్యకు యాపారం వచ్చింటే గదా వీనికి వచ్చేది!"

కమలాక్షమ్మ చేతిలో మజ్జిగ గరిటె ఆగిపోయింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. అత్తగారు బతికున్నన్నాళ్లూ పండగకో పబ్బానికో అనేది. ఆడబిడ్డలు నవ్వుతూ అనేవారు. వ్యాపారం చేతకాక ఆళ్లగడ్డలో అంగడి ముంచుకున్న ఓబులయ్య కూతురు. కోమటింట్లో అంతకన్నా చిన్నతనం ఏముంటుంది? ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె తల దించుకుని లోపలికి వెళ్లడం నేర్చుకుంది. ఇప్పుడూ అట్లాగే వెళ్లింది.

గిన్నెలు సర్దాక కొడుకు గదిలోకి వచ్చింది. జనార్దనం కాగితాల ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్ జనా, నీ చెల్లెలి కోసం రాసియ్యరా," అంది గుమ్మం పట్టుకుని. "మీ నాయన నీతో మాట్లాడడు. నువ్వు ఆయనతో మాట్లాడవు. ఇంటికి ఒక్కరూ రారు. బిడ్డన్నా వచ్చి నాలుగు దినాలు నా పక్కన ఉంటాదనుకుంటే అదీ లేకపాయ. నాకు ఎవరుండార్రా?"

జనార్దనం ముందున్న కాగితాలు పక్కకు జరిపాడు. తర్వాత ఒక తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

"రాసిస్తాలేమ్మా. ఏడవాకు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. సంతోషం కలగాల్సింది. కానీ వంచిన ఆ తల చూస్తే, వెనకటికెప్పుడో చూసిన మనిషెవరో గుర్తొచ్చినట్టయింది.

"అసలు ఏం రాసినావురా అంతగా? నాకెప్పుడూ చెప్పకపోతివే."

"నువ్వెప్పుడూ అడగలేదు గదమ్మా." కలం పక్కన పెట్టాడు. "ఆళ్లగడ్డ చుట్టూ శనక్కాయలు బాగా పండుతాయి. కానీ నూనె మిల్లులు ఈడుండాయి, రైలు ఈడుంది, కొనేవాళ్లంతా ఈడుండారు. ఆడి జనం బ్యాంకులో దాచుకునే దుడ్లు కూడా ఈడి మండీలకే అప్పులుగా వస్తాండాయి. పాతకాలంలో ఆళ్లగడ్డలో చిన్న చిన్న అంగళ్లోళ్లు పల్లెల్లో కొని, బండ్లకెత్తుకొని ఈడికి తెచ్చేవాళ్లు. ఇంత దూరం వచ్చినాక సరుకు వెనక్కు తీస్కపోతారా? బాడుగ దండగ. తువాలు కింద ఎంత తేలితే అంతకే ఇచ్చిపోవాల. ఇంకోచోట ఎంత పలుకుతాందో తెలీదు, అడిగేకి లేదు. ముసలోళ్లను చానామందిని అడిగినా. ఆ చిన్న అంగళ్లోళ్లలో ఒక్కరు గూడా నిలబడలేదు."

"ఒక్కరు గూడానా?"

"ఒక్కరు గూడా లేదు."

కమలాక్షమ్మ మెల్లగా గోడకానుకుని కూర్చుంది. "అంటే... మా నాయన ఒక్కడే కాదా?"

జనార్దనం తల తిప్పి తల్లిని చూశాడు.

"నాయన నంద్యాల నుంచి ఖాళీబండితో వచ్చి బావి కాడ కాళ్లు కడుక్కుంటాంటే మాయమ్మ అడిగేది, ఎంతకు పోయినాయని. వాళ్లు చెప్పినంతకు అనేవాడు, అంతే. అంగడి మూసినాక ఇంకొకరి కాడ గుమాస్తాగా కూసున్యాడు. నా పెండ్లిలో పందిట్లోకి రాలేదురా. వెనకాల తల వంచుకొని నిలబడుకున్యాడు. నాకు చేతకాలేదు తల్లీ, నీకేం ఇయ్యలేకపోతి అన్యాడు." ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. "ఒరేయ్, నిజం చెప్పు. మా నాయనకు యాపారం రాక కాదా?"

"కాదమ్మా. ఆ తావులో ఎవరున్యా అంతే. నన్ను కన్న నాయన ఉన్యా అంతే."

ఆమె ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. చేతకానివాణ్ణని నమ్ముతూనే ఆయన పోయాడు. ఆ మాట అబద్ధమని ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు. జనార్దనం లేచి వచ్చి పక్కన కూర్చుని తల్లి వీపు మీద చెయ్యి వేశాడు. ఏడుపు తగ్గాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ కాగితం రాయాకు," అంది.

సాయంత్రం హనుమంతయ్య వసారాలో ఒక్కడే కూర్చుని వీధి చూస్తున్నాడు. మగవాళ్లు కూర్చునే చోట ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఆ రోజు వచ్చి చాప చివర కూర్చుంది.

"మా నాయన బండి దిగుతాండింది మన మండీ ముందరనే గదా?"

హనుమంతయ్య వీధి వైపే చూశాడు.

"మా మామ తువాలు కింద చెయ్యి పెడ్తాంటే మీరు పక్కనే నిలబడి ఉంటిరి గదా? మరి మా నాయనకు యాపారం రాదని ఎట్ల అనగలిగినారు ఇన్నేండ్లు?"

ఆయన పంచె కొసను వేళ్ల మధ్య నలిపాడు.

"మీ నాయన మంచి సరుకు తెచ్చేవాడు. ఆయన మూటల్లో ఒక్క రాయి గానీ మట్టిపెళ్ల గానీ ఉండేది కాదు. మా నాయన లోపలికి వచ్చి చెప్పేవాడు, ఇట్లా సరుకు జిల్లాలో ఎవరూ తేరని."

"ఆ ఒక్కమాట నాకు చెప్పింటే ఏం పోయేది?"

వీధి దీపం కింద ఇద్దరు మండీవాళ్లు మాట్లాడుకుంటూ పోతున్నారు. ఇటు చూడలేదు.

"చూస్తివా, ఎట్ల పోతాండారో," అన్నాడు హనుమంతయ్య. "పలకరించేవాడు లేక నాకు పిచ్చెక్కినట్లుంది కమలా."

"నేను ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ అట్లనే ఉండా," అంది ఆమె. "లోపల గ్లాసులు కడుగుతా మీ నవ్వులు వినుకుంటా."

హనుమంతయ్య ఆమె వైపు తిరిగాడు. ఆమె చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నాడు. వీధిలో మనుషులు పోతున్నా వదల్లేదు.

తెల్లారి ఆయనే లోపలి గది గుమ్మం దగ్గరికి వెళ్లి, "ఏంరా, ఆళ్లగడ్డకు పోతాండాం. నువ్వు గూడా రా," అన్నాడు. జనార్దనం నమ్మలేనట్టు చూసి, చొక్కా వేసుకున్నాడు.

ఆళ్లగడ్డలో మద్దిలేటయ్య గడపలోనే ఎదురొచ్చాడు. "రాపిచ్చినారా?"

"లేదు బావా," అన్నాడు హనుమంతయ్య. "వాడు రాసింది నిజం. ఆ లెక్క నేర్పింది నేనే. నిజం కాదని ఎట్ల రాపియ్యాల?"

"మరి ఏం మొగం పెట్టుకొని వచ్చినావు?"

"ఒకటి అడిగిపోదామని వచ్చినా. నువ్వూ ఆళ్లగడ్డోనివే. ఇన్నేండ్లు నీ సరుకు నంద్యాలకు తోల్తాండావే, తువాలు కింద దాని ధర ఎంత తేలిందో ఎప్పుడన్నా నీ కండ్లతో చూసినావా? మొన్న అందరి ముందర వేలం పాడినారు గదా. తక్కువ వచ్చిందా, ఎక్కువ వచ్చిందా?"

మద్దిలేటయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు. వెనక నుంచి ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ వచ్చింది. "ఎక్కువే వచ్చింది. ఇంట్లో మురిసిపోతివి గదా, ఇప్పుడు చెప్పేకేం?" అని భర్తను గదమాయించి, లోపలికి తిరిగి, "వరలక్ష్మీ, గుడ్డలు సర్దుకో తల్లీ. మీయమ్మ వచ్చింది," అంది.

మద్దిలేటయ్య కాదనలేదు. కమలాక్షమ్మ కూతుర్ని పట్టుకుని కాసేపు వదల్లేదు.

బస్టాండుకు నడుస్తుంటే, ఒక మలుపు దగ్గర కమలాక్షమ్మ ఆగిపోయింది. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే అంగడి. పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ తల దించుకుని దాటిపోయిన చోటు అది.

"ఇదే మా నాయన అంగడి," అంది.

హనుమంతయ్య నంద్యాల బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూడలేదు. అంగడినే చూశాడు. నంద్యాలకు వెళ్లాక రేపూ తన వసారాకు ఎవరూ రాకపోవచ్చు, ఎల్లుండీ రాకపోవచ్చు. అది ఆయనకు తెలుసు.

"యాడ కూసునేవాడు ఆయన?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆమెను తండ్రి గురించి ఒక మాట అడిగిన మనిషి లేడు. కమలాక్షమ్మ చెయ్యి చాపి చూపించింది. ఎడం పక్క, గోడవార. ఆ తర్వాత మూటలు ఎక్కడ పేర్చేవాళ్లో, ఎద్దుల పేర్లేమిటో, సంతరోజున తనకు ఏం కొనిపెట్టేవాడో చెప్పసాగింది. జనార్దనం చెల్లెలి సంచి భుజాన వేసుకుని వింటున్నాడు. బస్సు వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది. బస్సెక్కి కూర్చున్నాక హనుమంతయ్య ఆమె వైపు వంగి, "ఊఁ, ఆ తర్వాత?" అన్నాడు.