అసెంబ్లీ పూట మాయమైన పళ్ళసెట్టు

ఏమోయ్! డిటెక్టివ్ కథ అనగానే అలా ముందుకు జరిగి కూర్చున్నావేం? శవం కోసమేనా? రక్తం, కత్తి, కెవ్వుమని కేక? అవేం లేవు. పోయింది పళ్ళసెట్టు. నవ్వకు. నవ్వితే నీ పళ్ళు లెక్క పెడతాను. చెవులు మాత్రం బాగా తెరుచుకో. ఒక్క సంగతి కూడా దాచను, అన్నీ నీ ముందే పెడతాను. ఆఖర్న నన్ను తిట్టావంటే ఊరుకోను.

1953 మార్చి. పొద్దున ఎనిమిది గంటలు. నాంపల్లి స్టేషన్‌కి ఎదురుగా ఓ లాడ్జి, మేడమీద గది.

మంచం మీద అసెంబ్లీ మెంబరు వామన్‌రావు కూలబడి ఉన్నాడు. రెండు బుగ్గలూ లోపలికి పోయాయి. నోట్లో ఒక్క పన్ను లేదు.

ఎదురుగా ఇన్‌స్పెక్టర్ జయపాల్ నిలబడ్డాడు. పోలీసు వేలిముద్రల సెక్షన్‌కి అతనే పెద్ద. అతని చేతి కింద ఆరుగురు మనుషులు.

"రాత్రి గ్లాసు నీళ్ళల్ల ఏసి పండుకున్న. అయిదింటికి లేస్తే లేదు," అన్నాడు వామన్‌రావు. సగం మాట గాలే.

పదకొండింటికి ఆయన అసెంబ్లీలో మాట్లాడాలి. సర్కారు ఖర్చు తగ్గించాలి, అక్కరలేని ఆఫీసులు మూసెయ్యాలి అని. ఆ మూసేసే ఆఫీసుల్లో మొదటిది ఏదో తెలుసా? జయపాల్ సెక్షనే!

పళ్ళు దొరికితే ఆయన మాట్లాడతాడు, సెక్షన్ పోతుంది. దొరకకపోతే, పళ్ళసెట్టు కూడా పట్టలేని సెక్షన్ ఎందుకంటారు. అప్పుడూ పోతుంది.

"ఎట్లైనా పోయేదే గద సాబ్," అన్నాడు కానిస్టేబుల్ బీరయ్య చెవి దగ్గర. "జర చాయ్ తాగొద్దమా?"

జయపాల్ నవ్వలేకపోయాడు. అతని భార్య మాబెల్ ఊపిరితిత్తుల జబ్బుతో పోలీసు దవాఖానలో ఉంది. పోలీసు నౌకరి ఉన్నంత వరకే ఆ మంచం. నిన్న సాయంత్రం ఆమె ఒకటే అడిగింది. "సెక్షన్ ఉంటదా?" ఉంటుందని చెప్పి వచ్చాడు. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేదు.

గది చూశాడు. తలుపు గడియ సరిగ్గా ఉంది. కిటికీకి ఊచలు. బల్ల మీద ఖాళీ గ్లాసు. పక్కన మూత తీసిన పాన్‌దాన్, అందులో ఆకులు, వక్కలు, సున్నం. మంచం కింద ఉమ్మడానికి ఇత్తడి పీక్‌దాన్. గోడకు కొక్కెం, దానికి నల్ల షేర్వానీ.

అనుమానించదగిన వాళ్ళు ముగ్గురు. ఒక్కొక్కళ్ళనీ పిలిచాడు.

మొదట లాడ్జి నౌకరు బిచ్చయ్య.

"రాత్రి గదిలోకి ఎవరొచ్చిన్రు?"

"ఎవ్వరు రాలె సాబ్. లోపలికెల్లి గడియ."

"పొద్దుగాల?"

"ఆరింటికి యాదవ్వ ఊడ్వనీకి వచ్చింది. ఏడింటికి నేనొచ్చిన. రావుసాబ్ షేర్వానీ ఇస్త్రీకిచ్చిండు. చేయించి తెచ్చి గాడ తగిలించిన. గంతే. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్టు ఎవరడిగిన్రు? పళ్ళేవి?"

"నా పళ్ళు నాకే సరిగ లేవు సాబ్!" అని నోరు తెరిచి చూపించాడు.

తర్వాత యాదవ్వ. లాడ్జి ఊడ్చే ముసలామె. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వణుకుతోంది.

"నీ కొడుకు చప్రాసీ కదా? వాని ఆఫీసు కూడా మూస్తరట కదా?"

"ఔ బాంచెన్. మూస్తరట."

"కోపం రాలేదా?"

"వచ్చింది. వస్తే పళ్ళెందుకు దొంగిలిస్త? నా కొడుక్కి పెడుతనా?" అంటూనే ఏడ్చేసింది. "గది ఊడ్చిన. గా పీక్‌దాన్ బూడిదేసి తోమి ఆడ పెట్టిన. పోయిన. గంతే బిడ్డా."

మూడోవాడు పక్క గది మెంబరు వెంకటనర్సయ్య. ఎదుటి పార్టీ. నిన్న రాత్రి భోజనాల దగ్గర వీళ్ళిద్దరికీ అరుపులైన సంగతి లాడ్జి మొత్తానికీ తెలుసు.

"ఔ, అరుచుకున్నం," అన్నాడాయన. "ఖజానా ఖాళీ, కోతలు పెట్టాలె అంటడు. పొయ్యి ఆర్పితే కట్టెలు మిగుల్తయ్ రావుసాబ్, మరి బువ్వ ఎట్ల ఉడుకుతది అన్న. కాల్వలు తవ్వు, సడకలెయ్యి. పని దొరికితే పైస తిరుగుతది, మళ్ళ సర్కారుకే వస్తది."

"ఆయన ఏమన్నడు?"

"అప్పు తెచ్చి తవ్విన కాల్వల నీళ్ళు పారవు, మిత్తి పారతది అన్నడు."

"అయితే ఆయన నోరు మూయించాలని మీకు ఉంది."

వెంకటనర్సయ్య కళ్ళెగరేశాడు. "నాకంటె ఎక్కువ నీకే ఉండాలె గద, ఇన్‌స్పెక్టర్ సాబ్? నీ జేబులు ఎవరన్న ఎతికిన్రా?"

బీరయ్య దగ్గాడు. జయపాల్ చెవులు వేడెక్కాయి. ఆ మాట అబద్ధం కాదు మరి.

తొమ్మిదిన్నర దాటింది. పరుపు దులిపారు, బిచ్చయ్య ట్రంకు విప్పారు, వెంకటనర్సయ్య దిండు కూడా చీల్చబోయారు. ఏమీ లేదు. జయపాల్ నేల మీద చతికిలబడ్డాడు. మాబెల్ ముఖం కళ్ళ ముందు తిరిగింది.

చూపు మంచం కిందికి పోయింది. పీక్‌దాన్.

దగ్గరికి లాగాడు. అడుగున ఎర్రటి ఉమ్ము. అందులో వక్కపిప్పి. బాగా నమిలిన వక్క.

లేచాడు. "అందరు బయటికి పోండ్రి. బీరయ్యా, నువ్వు గూడ."

తలుపు మూశాడు.

"రావుసాబ్, పళ్ళు లేనోళ్ళు పాన్ ఎట్ల తింటరు?"

వామన్‌రావు పాన్‌దాన్ వైపు చూశాడు.

"మా నాయిన చిన్న రోట్ల దంచుకునేటోడు. వక్క, ఆకు, అంత కలిపి. పళ్ళూడిన ముసలోళ్ళందరు గంతే. మీ పాన్‌దాన్‌ల గసుంటి రోలు లేదు. యాదవ్వ ఆరింటికి పీక్‌దాన్ తోమి పెట్టింది. మీ పళ్ళు అయిదింటికే పోయినయ్ అంటిరి. మరి ఆరు దాటినంక గీ వక్క ఎవరు నమిలిన్రు?"

కింద రిక్షా గంట మోగింది.

వామన్‌రావు చెయ్యి మెల్లగా బనీను జేబులోకి పోయింది. రుమాలు విప్పాడు. పళ్ళసెట్టు.

నోట్లో పెట్టుకున్నాడు. మనిషి మారిపోయాడు. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పార్టీ మాట్లాడమన్నది నాయినా. నాకేమో మనసొప్పలె. గా ముసలామె కొడుకు పొట్ట నా నోటితో ఎట్ల కొట్టాలె? నీ పొట్ట ఎట్ల కొట్టాలె? కాదంటే పార్టీల ఉండనియ్యరు. గందుకే పళ్ళు దాచుకున్న." జయపాల్ చెయ్యి పట్టుకున్నాడు. "ఇయ్యాల్టితోని సభ ఖతం. నేను మాట్లాడకుంటే మూసుడు ముచ్చట వచ్చే ఏడాదికి పోతది. నువ్వు దొరకలేదని ఒక్క మాట చెప్పు. నీ సెక్షన్ బతుకుతది."

ఏడాది! ఏడాదంటే మాబెల్ లేచి తిరుగుతుంది. జయపాల్ ముందుకు జరిగాడు. వంగి ఆ పెద్దాయన చేతులు కళ్ళకద్దుకున్నాడు.

తలుపు తీశాడు. వరండాలో అందరూ ఉన్నారు. లాడ్జి మేనేజరు, కింద నుంచి ఎక్కివచ్చిన పదిమంది జనం కూడా.

"అంత ఎతికినం," అన్నాడు తల దించుకుని. "పళ్ళసెట్టు దొరకలేదు. మా సెక్షన్‌తోని కాలేదు."

వెంకటనర్సయ్య కిసుక్కున నవ్వాడు. జయపాల్ పట్టించుకోలేదు. దవాఖానకి పోయే ముందు, ఆ ఉపన్యాసం జరగకుండా పోవడం కళ్ళారా చూసి పోదామని అసెంబ్లీ గ్యాలరీలో కూర్చున్నాడు. పక్కన బీరయ్య.

పదకొండు. స్పీకరు పేరు పిలిచాడు.

వామన్‌రావు లేచాడు. నిటారుగా. నోటినిండా పళ్ళు.

"అధ్యక్షా! వేలిముద్రల సెక్షన్ ఎందుకు మూయాలె అని అడుగుతున్రు. చెప్త. పొద్దుగాల నా పళ్ళసెట్టు పోయింది. సెక్షన్ అంత దిగింది. నా పరుపు దులిపిన్రు. గరీబు ముసలామెను ఏడిపిచ్చిన్రు. ఆఖరికి దొరకలేదు, మాతోని కాదు అని పదిమంది ముందట ఒప్పుకున్నరు. మరి నా పళ్ళు యాడున్నయి అధ్యక్షా? నా బనీను జేబుల!"

సభ పగలబడి నవ్వింది. వెంకటనర్సయ్య లేచి కాల్వలని, సడకలని, పని అని గొంతు చించుకున్నాడు. ఆ నవ్వులో ఒక్క ముక్క వినపడలేదు. చేతులు లేచాయి. సెక్షన్ పోయింది. యాదవ్వ కొడుకు ఆఫీసు కూడా దాని వెంటే పోయింది.

"సాబ్," బీరయ్య చెవి దగ్గరికి వంగాడు. "మీకు దొరికినయా?"

జయపాల్ గ్యాలరీ కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు. కింద వామన్‌రావు షేర్వానీనే చూస్తున్నాడు. నల్లటి షేర్వానీ. కత్తిలాంటి మడత. ఎక్కడా నలగలేదు.

సభలో మాట్లాడకూడదని పళ్ళు దాచుకున్న మనిషి, పొద్దున్నే ఏడింటికి షేర్వానీ ఇస్త్రీ ఎందుకు చేయించుకుంటాడు?

మాబెల్ దవాఖాన కిటికీ వైపే చూస్తూ ఉంటుంది. ఏం చెప్పాలో తెలియక జయపాల్ అక్కడే కూర్చుండిపోయాడు, జనం లేచిపోయినా.

ఏం, జయపాల్ పిచ్చోడని నవ్వుతున్నావా? అతనికైతే కళ్ళనిండా భార్య ఉంది, కనపడలేదు. బిచ్చయ్య ఇస్త్రీ సంగతి చెప్పినప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు కదోయ్, చెవులు తెరుచుకుని! ముసలాయన ఏడిస్తే నువ్వూ ముక్కు ఎగబీల్చావే, మరి నీకేమైంది?