బండ మీద వావిలి కొమ్మ

పొద్దు వాలుతోంది. ఖాళీ కడవ చంకన పెట్టుకుని అండాలు గబగబా నడుస్తోంది. వెనక తమ ఇంటి అరుగు మీద రజాకార్లు తుపాకులతో కూర్చున్నారు. వాళ్లు వెతుకుతున్నది ఆమె నాన్న లింగస్వామినే. వాళ్లను ఎదిరించే సంఘంలో చేరి ఆయన గుట్ట మీద దాక్కున్నాడు. ఈ సాయంత్రం అన్నానికి దిగి వస్తాడు.

నీళ్లకని పంపుతూ ఈదమ్మ అవ్వ చెవిలో చెప్పింది. "వాగుల వావిలి కొమ్మ ఇరిచి గుట్ట తొవ్వల బండ మీద పెట్టు. అది చూస్తే మీ నాయిన దిగడు. నువ్వు మాత్రం పైకి పోకు బిడ్డా, నీ ఎన్క ఎవడన్న వస్తే నాయిన జాగా దొరుకుతది."

వాగు ఇంకా దూరం. గుట్ట కిందంతా పసుపు పూల తంగేడు పొదలే. అండాలు భయంగా ఇంటి వైపు తిరిగి చూసింది. కొమ్మ ఏదైతేనేం అనుకుంది మన తెలివైన పిల్ల. తంగేడు కొమ్మ విరిచి బండ మీద పెట్టింది.

కొంచెం దూరం పోయి వెనక్కి చూసింది. బండ చుట్టూ తంగేడు, బండ మీదికి వాలినదీ తంగేడే. తను పెట్టిన కొమ్మ ఏదో తనకే తెలియలేదు!

అవ్వ మాట అప్పుడు అర్థమైంది. తంగేడు ఎండిన నేల మీద ఎక్కడైనా మొలుస్తుంది. వావిలికి వాగు తడి కావాలి. ఈ రాళ్లలో వావిలి కనబడిందంటే ఎవరో తెచ్చి పెట్టినట్టే.

కడవ వదిలేసి పరుగెత్తింది. వాగు ఒడ్డున పొదలన్నీ ఒక్కలాగే కనిపించి ఏడుపొచ్చింది. ఒక ఆకు తెంపింది. వేళ్లలా విడిపోయి ఉంది, వెనకవైపు తెల్లగా. నలిపి వాసన చూసింది. బాలింతల స్నానానికి అవ్వ నీళ్లలో వేసి కాచే ఆకు వాసనే!

తిరిగి వచ్చేసరికి గుట్ట మీద నాన్న తలపాగా కదులుతోంది. అరిస్తే ఊళ్లోకి వినబడుతుంది. వావిలి కొమ్మను బండ మీద పెట్టి పొదలో నక్కింది.

నాన్న ఆగాడు. బండ వైపే చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగి రాళ్ల మధ్యకు వెళ్లిపోయాడు. అండాలు పొదలోంచి లేచి, వదిలేసిన కడవ తీసుకుని నీళ్లకు నడిచింది.

తెల్లారాక రజాకార్లు నకిరేకల్ దారి పట్టారు.

"పోయి ఆ కొమ్మ తీసెయ్యి. నాయిన ఆకలితోని ఉంటడు" అంది అవ్వ.

అండాలు కొమ్మ తీసింది. వెళ్లబోయి ఆగింది. బండ సందుల్లో వావిలి ఆకులు రాలి ఉన్నాయి. వంగి ఒక్కొక్కటే ఏరింది. దుమ్ములో కూరుకుపోయిన చిన్న ఆకును కూడా గోటితో పైకి తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

తల ఎత్తి చూస్తే, నాన్న దిగి వస్తున్నాడు.