ముప్పై సెకన్ల తలుపు

వెర్నా కోస్కెలా ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు కేకు కోయించి, చేతిలో ఒక కెమెరా పెట్టారు. "ఇక తీరిగ్గా మీవాళ్ళందరి ఫొటోలూ తీసుకోండి" అని కార్డు మీద రాశారు. రాసినవాళ్ళకు తెలియదు కాబోలు, మావాళ్ళు అని చెప్పుకోవడానికి ఆమెకు ఎవరూ లేరని.

పెళ్ళి చేసుకోలేదు. ఒక్కగానొక్క చెల్లెలు ఓరెగాన్‌లో ఉంది, క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. వెయ్యిమంది పిల్లల పేర్లు వెర్నాకి ఇప్పటికీ నోటికొచ్చు. వాళ్ళలో సగం మంది ఊరు వదిలిపోయారు. మిగతావాళ్ళు కిరాణాకొట్లో ఎదురైతే "హాయ్ మిస్ వెర్నా" అని, ఆగకుండా బండి తోసుకుపోతారు. అలవాటు చావక తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. కాఫీ పెట్టుకుని, వేసుకోవాల్సిన పని లేని బూట్ల వైపు చూస్తూ కూర్చుంటుంది.

జనవరిలో, ఇంటిగోడలతో మాట్లాడటం మొదలెట్టానని తనకే అనుమానం వచ్చాక, కెమెరా పెట్టె విప్పింది. గ్రంథాలయం కింది గదిలో గురువారం సాయంత్రాలు ఫొటోగ్రఫీ నేర్పుతున్నారని తెలిసి వెళ్ళింది. ఆరుగురు విద్యార్థులు. నేర్పేవాడు డ్వేన్, గడ్డం కుర్రాడు, ఆమె వయసులో సగం ఉంటాడు.

"షట్టర్ అంటే తలుపు అనుకోండి" అన్నాడు మొదటి రోజే. "ఎంతసేపు తెరిచి ఉంచితే అంత వెలుతురు లోపలికొస్తుంది."

"తలుపుల సంగతి నాకు చెప్పకు నాయనా" అంది వెర్నా. "ముప్పై ఒక్క ఏళ్ళు తెరిచాను, మూశాను."

అందరూ నవ్వారు. పక్కన కూర్చున్న లెరోయ్, ఎనభై ఏళ్ళ మాజీ పళ్ళడాక్టరు, చెవిలో మిషను సరిచేసుకుని, "ఏమంది? ఏమంది?" అని అడిగి, చెప్పించుకుని మరీ ఆలస్యంగా నవ్వాడు. ఆ రాత్రి వెర్నా ఇంటికొచ్చి ఆ నవ్వులనే తలుచుకుంటూ నిద్రపోయింది. తన మాటకి నలుగురు నవ్వి ఎన్నాళ్ళైందో.

మూడో వారం డ్వేన్ నిదానపు షట్టర్ నేర్పాడు. కెమెరాని ట్రైపాడ్ అనే మూడుకాళ్ళ స్టాండు మీద బిగించి, తలుపు ముప్పై సెకన్లు తెరిచి ఉంచాలి. "అంతసేపు తెరిస్తే, కదిలేవాళ్ళు ఫొటోలో పడరు, మాయమైపోతారు. కదలకుండా నిలబడ్డవాళ్ళే మిగులుతారు. బండ్లు కనిపించవు గానీ వాటి దీపాలు గీతలై పడతాయి. ఎదురొచ్చేవి తెల్లగీతలు, వెళ్ళిపోయేవి ఎర్రగీతలు. వచ్చే గురువారానికి తలా ఒక ఫొటో తీసుకురండి."

మంగళవారం పొద్దున ఆరింటికి వెర్నా కారు తీసింది. ఎక్కడికని ఆలోచించలేదు. చేతులే స్టీరింగుని పాత దారిలోకి తిప్పాయి. పన్నెండు మైళ్ళు దాటాక, గనివాళ్ళ క్వార్టర్ల మలుపు దగ్గర ఆపింది. అక్కడ ఇప్పుడు క్వార్టర్లు లేవు. ఆమె ఉద్యోగంలో చేరకముందే ఇనుప గని మూతపడి, కుటుంబాలన్నీ వెళ్ళిపోయాయి. పిల్లలు బస్సు కోసం నిలబడే చెక్క గూడు మాత్రం రోడ్డు పక్కన మిగిలింది. ఆఫీసు కాగితంలో ఆ స్టాపు పేరు ఎవరూ కొట్టేయలేదు. మొదట్లో వెర్నా అక్కడ బస్సు నిదానం చేసేది. ఎప్పుడూ ఎవరూ ఉండేవారు కాదు. తర్వాత తర్వాత నిదానం చేయడం కూడా మానేసింది.

మైనస్ ఇరవై చలి. ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. మంచుకి మాత్రం ఎక్కడిదో నీలివెలుగు. ఫర్ చెట్ల జిగురు వాసన చలికి ముక్కుని కోస్తోంది. ఉండుండి అడవిలో ఏదో కొమ్మ గడ్డకట్టి ఠప్పున పగులుతోంది. తర్వాత మళ్ళీ నిశ్శబ్దం.

ట్రైపాడ్ కాళ్ళు మంచులో గుచ్చి, కెమెరా బిగించింది. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని డ్వేన్ చెప్పాడు గనుక రెండో బ్యాటరీ నారింజరంగు కోటు లోపలిజేబులో, ఒంటికి ఆనించి పెట్టుకుంది. ఇంతలో దుంగల లారీ ఒకటి మలుపు తిరిగింది. ఆర్వో బండి. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. హారన్ కొట్టి, చెయ్యూపి వెళ్ళిపోయాడు. అదే సమయానికి వెర్నా మీట నొక్కింది.

ముప్పై లెక్కపెట్టి చూసుకుంటే... అబ్బ! నీలిమంచులో రెండు ఎర్రగీతలు, గీసినంత నున్నగా. "ఓ ముసలిదానా, నీకు వచ్చేసింది" అనుకుంది పైకే.

వచ్చిన ఉత్సాహం ఊరుకోనివ్వక ఇంకొకటి తీసింది. ఈసారి ఏ బండీ రాలేదు.

తెర మీద ఫొటో వెలిగింది. చెక్క గూట్లో ఎవరో నిలబడి ఉన్నారు.

పదేళ్ళ పిల్ల ఎత్తు. తలమీదికి లాగిన టోపీ. భుజానికి సంచి. చుట్టూ ఫర్ కొమ్మలు గాలికి కదిలి అలుక్కుపోయాయి, ఆ పిల్ల మాత్రం సూదితో చెక్కినట్టు స్పష్టంగా ఉంది.

వెర్నా తలెత్తి చూసింది. గూడు ఖాళీ. గూటి ముందు మంచు మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు.

అప్పుడే వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. ఎందుకంటే, భయంతో పాటు ఇంకోటి కూడా కలిగింది ఆమెకు. ఇంత చలిలో, ఇంత చీకట్లో, ఒకరు ముప్పై సెకన్లు కదలకుండా నిలబడ్డారు. ఇక్కడ ఎవరో ఎదురుచూస్తున్నారు. ఎదురుచూసేవాళ్ళని వదిలేసి బండి తీయడం ఆమె చేతులకు అలవాటు లేదు... ఈ ఒక్క స్టాపులో తప్ప.

"ఎవరమ్మా?" అంది మెల్లగా.

మూడోసారి మీట నొక్కింది. ఈసారి కళ్ళు గూటిమీదే పెట్టి లెక్కపెట్టింది. పది... పదిహేను... రోడ్డు ఖాళీ. ఇరవై... ఇరవై ఐదు... ఏ చప్పుడూ లేదు. ముప్పై.

తెర చూసుకుంది. గూట్లో పిల్ల లేదు. రోడ్డు మీద తెల్లగీతలున్నాయి. లావుగా, బస్సు దీపాల ఎత్తున. మలుపు దగ్గర మొదలై, తిన్నగా వచ్చి, గూటి ముందు... ఆగిపోయాయి.

అంటే, బస్సు వచ్చింది. వెళ్ళలేదు.

అప్పుడు వాసన తగిలింది. డీజిల్ పొగ, వేడెక్కిన సీట్ల రెక్సిన్, తడిసిన ఊలు చేతితొడుగులు. ముప్పై ఒక్క ఏళ్ళు పీల్చిన వాసన. పొరపడే ప్రసక్తే లేదు. ముఖానికి వెచ్చటి గాలి తాకింది. చలిలో, అడవిలో, వెచ్చటి గాలి. ఆమె ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో...

పిస్స్... మని తలుపు మడత విప్పుకుంది.

కంటికి ఏమీ కనపడలేదు. అవతలి చెట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"మిస్ వెర్నా..."

పిల్ల గొంతు. చెవి పక్కన కాదు. కాస్త పైనుంచి, మెట్టు మీద నిలబడి పిలిచినట్టు.

"మీరు ఆపలేదుగా... ఈ బస్సు ఆగుతుంది. ఎక్కండి."

లోపల ఎందరో ఉన్నారు. మాట్లాడరు. సీట్లో సర్దుకున్న చప్పుడు, ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నిండు బస్సు చప్పుడు. ఇన్ని నెలలుగా ఆమె ఇంట్లో లేని చప్పుడు.

"చోటుంది..." అంది గొంతు.

వెర్నా కాలు లేచింది. తానే ఎత్తిందో, అదే లేచిందో తర్వాత ఎంత ఆలోచించినా తేలలేదు. బూటు గాల్లోకి వెళ్ళి... ఆనింది. మంచుకి అడుగు ఎత్తున, ఏమీ లేనిచోట, గట్టిగా, గరుకుగా, మెట్టు మీద. ఆ మెట్టు సన్నగా వణుకుతోంది. ఇంజను ఆపని బస్సు వణుకు. రెండో కాలి మడమ మంచులోంచి లేస్తోంది. లోపలి వెచ్చదనం చెంపల్ని నిమురుతోంది. ఏడుపొచ్చింది ఆమెకు. భయంతో కాదు...

భాం! అని హారన్.

కళ్ళు బైర్లు కమ్మే వెలుతురు. కాలికింద మెట్టు పోయింది. వెర్నా మోకాళ్ళ మీద మంచులో పడింది.

ఆర్వో లారీ తిరిగొచ్చి ఆగింది. కిందికి దూకి, చంకలో చేతులేసి లేపాడు.

"ఏమే వెర్నా, మతిపోయిందా? కొంగలా ఒంటికాలి మీద ఆ నిలబడ్డమేమిటి?"

"నువ్వు... ఎందుకొచ్చావ్?"

"ఇంత చలిలో ఒక్కదానివీ కనపడ్డావు, మనసొప్పలేదు. మిల్లువాళ్ళు కాసేపు ఆగితే చచ్చిపోరు." ఫ్లాస్కులో కాఫీ వంచి ఇచ్చాడు.

"ఇక్కడేమైనా చూశావా ఆర్వో?"

"నిన్ను చూశాను. పొద్దున్నే అంతకంటే దడుచుకోవడానికేం కావాలి?"

నవ్వించాలని అన్నాడు. ఆమె ముఖం చూసి తానే నవ్వలేదు. కెమెరా సర్దించి, హైవే దాకా ఆమె కారు వెనకే వచ్చాడు. విడిపోయేముందు అద్దం దించి, "శనివారం రాత్రి మా ఇంటికి రా, చేపల కూర చేస్తాను" అని అరిచాడు. వస్తానంది. వెళ్ళాలనే అనుకుంది.

ఇంటికెళ్ళగానే రెండు ఫొటోలు చెరిపేసింది. ఎర్రగీతలది ఒక్కటే ఉంచింది.

గురువారం దాన్ని గోడమీద పెద్దది చేసి చూపించి, "చూశారా, ఎంత చక్కగా పట్టుకున్నారో!" అని డ్వేన్ మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెర్నా రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చింది.

లెరోయ్ వంతు వచ్చింది. సరస్సు రేవు దగ్గరి లైట్‌హౌస్, గనివాళ్ళ మలుపుకి నలభై మైళ్ళ దూరం. గోడమీద బొమ్మ పడగానే ముసలాయన వెర్నా వైపు తిరిగాడు.

"మీరూ వచ్చారని నాకు చెప్పనేలేదే! పలకరించేవాణ్ణిగా. ఇంటికెళ్ళి చూసేదాకా మీరక్కడున్నట్టే తెలీదు."

గడ్డకట్టిన సరస్సు. లైట్‌హౌస్. ఎగిరే మంచుపొడి అంతా అలుక్కుపోయి పొగలా ఉంది. దాని మధ్య, సూదితో చెక్కినట్టు, నారింజరంగు కోటులో వెర్నా. ముఖం కెమెరా వైపే ఉంది. నవ్వుతోంది.

"ఎప్పుడు... తీశారు?" అంది.

"మంగళవారం. పొద్దున పావు తక్కువ ఏడింటికి."

డ్వేన్ గోడ దగ్గరికి వెళ్ళి, తల పక్కకి వంచి చూశాడు.

"దేనిమీద నిలబడ్డారండీ మీరు?" అన్నాడు.

ఫొటోలో వెర్నా రెండు పాదాలూ మంచుకి అడుగు ఎత్తున ఉన్నాయి.