ఎడమ చెవికి రెండు చిల్లులు

పరవాడలో మా ల్యాబు గదికి కిటికీల్లేవు. మేం వాడే రంగులకు వెలుతురు పడదు. అందుకని పట్టపగలు కూడా లైట్లు తీసేసే పనిచేస్తాం. స్పిరిట్ వాసన, ఎలుకల వాసన, మెషీన్ రొద.

పని చెప్పడానికి తేలిక. పరాయి కణాల్ని తరిమే శక్తి లేని ఎలుకల్లోకి మనిషి కణాలు ఎక్కిస్తాం. కొన్నాళ్లకి వాటి రక్తానికి రంగు కలిపి ఫ్లో సైటోమీటర్లో పెడితే, కణాలు ఒక్కొక్కటే లేజరు ముందు నుంచి వెళ్తాయి. మనిషివి ఆకుపచ్చగా, ఎలుకవి ఎర్రగా మెరుస్తాయి. పోల్చుకోడానికి పక్కనే మనిషి రక్తం ట్యూబు ఒకటి ఉండాలి. ఆ రక్తం నాది. ఏడో నంబరు ఎలుకలోకి ఎక్కించిన కణాలూ నావే. ఆస్పత్రి నుంచి రావాల్సినవి రాకపోతే నేనే సూదికి చెయ్యి చాపాను.

మొదటిసారి ఏడో నంబరులో నాలుగు శాతం మనిషి. నా ట్యూబులో తొంభై ఆరు.

"మెషీన్ కడగలేదేటి, ఉమా బావా?" అన్నాడు మా టెక్నీషియన్ మైఖేల్.

కడిగాం. తర్వాత ముప్ఫై ఒకటి, అరవై తొమ్మిది. రెండూ కలిపితే ఎప్పుడూ వందే.

మా ల్యాబు పెద్ద గురునాథరావు సార్‌కి గ్రాఫు చూపించాను. ఎలుక గీత చూసి మురిసిపోయారు. నా గీతని వేలితో మూసేశారు.

"నీ ట్యూబు రిపోర్టులోకి రాదులేవోయ్. శుక్రవారం ఏడుని కోసెయ్యండి. ప్లీహం కావాలి."

శుక్రవారం ఏడో నంబరు తొంభై తొమ్మిది. నాది... ఒకటి. మిగతా అంతా ఎరుపే.

"సంపకు బావా." నా గొంతు కీచుగా వచ్చింది.

"ఎలక మీద జాలేటి? మొన్న ఆరింటిని నువ్వే కోసీనావ్ కదా." మైఖేల్ నవ్వుతూ, ఎలుకల్ని చంపే గ్యాసు పెట్టె మూత తీశాడు.

"అందల ఉన్నది నానే..."

"సరేలే. సెవి సూసే సేత్తాన్లే."

అది మా రూలు. ఎలుకలన్నీ ఒకేలా ఉంటాయి కనుక చెవి చిల్లులే వాటి నంబర్లు. ఏడు అంటే ఎడమ చెవికి రెండు.

ఎలుకని పట్టుకుని టార్చి వేశాడు. ఒక చెవి. రెండో చెవి... అతని నవ్వు ఆగిపోయింది.

ఒక్క చిల్లూ లేదు.

దాన్ని మెల్లగా బోనులో దించాడు. "నువ్వు కూకో, ఉమా," అన్నాడు గుసగుసగా... దానితో.

తర్వాత నా వైపు తిరిగాడు. నా ఎడమ చెవి మడిచాడు. టార్చి వెలుగు చెవిలోంచి దూరి ఎదుటి గోడ మీద పడింది.

రెండు చుక్కలు.

"ఏడే," అన్నాడు.

గ్లవ్సు చెయ్యి నా మెడ వెనక చర్మాన్ని పట్టింది. ఆ పెట్టె జానెడు. లెక్క ప్రకారం నేను పట్టను... పట్టకూడదు...

మూత పడింది.