ఐదోసారి వద్దనలేదు

ఆమె నాతో అన్న మొదటి మాటే తిట్టు.

"ముందు మీరు అరవడం ఆపండి. అడ్రసు చెప్పండి."

నేను కుర్చీలూ బల్లలూ చేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. ఆ రోజు రంపం మెషీన్ దగ్గర ఒకతని వేలు తెగితే అంబులెన్సుకి ఫోన్ చేశాను. అవతల ఫోనెత్తింది ఆమె. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం ఏడుపులు వినడమే ఆమె ఉద్యోగం. నా గొంతు విని వేలు తెగింది నాకే అనుకుందట.

"మీకేం కాలేదా? మరెందుకు ఏడుస్తున్నారు?"

"ఏడవట్లేదండీ. కంగారు."

"సేఫ్టీ ఆఫీసరన్నారు?"

ఒళ్లు మండిపోయింది. వారం తర్వాత, వేలు అతుక్కుందని చెప్పే వంకతో వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. హెడ్‌ఫోన్ కాస్త పక్కకి జరిపి ఒక్కసారి నావైపు చూసింది. అంతే, నా పని అయిపోయింది. ఆ తర్వాత ఆరు నెలలు ఎలా గడిచాయో తెలియదు.

ఇక పెళ్లికి ఒప్పించాల్సింది వాళ్ల నాన్ననే.

"ముప్పై ఏళ్లు డ్రైవింగ్ నేర్పారు," అంది ఆమె. "పక్క సీట్లో కూర్చుని ఎదుటివాళ్ల తప్పులు పట్టడమే ఆయన పని. నీలోనూ పడతారు. ఆయన కాదంటే మాత్రం నేను రాను. ముందే చెప్తున్నా."

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో గ్రిల్ మీద కోడిముక్కలు కాలుస్తున్నాం, రమ్మని కబురొచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. నేను వెళ్లేసరికి వాళ్ల నాన్న, అదే డ్రైవింగ్ మాస్టారు, గ్రిల్‌ని గోడకి ఆనించి, గుడ్డ పందిరి కింద బొగ్గులు పోస్తున్నారు. ఆమె నాయనమ్మ గ్యారేజీ గుమ్మంలో కుర్చీ వేసుకుని విసురుకుంటోంది.

నా నోరు ఊరుకోదు కదా.

"ఇక్కడ వద్దు మాస్టారూ. పందిరి అంటుకుంటుంది. పదడుగులు ఇవతలికి లాగుదాం."

లాగారు. బొగ్గు సరిగ్గా రాజుకోవడం లేదని పెట్రోలు సీసా తీశారు.

"నిప్పు మీద పెట్రోలు వద్దండీ. మంట సీసాలోకే ఎగబాకుతుంది."

పక్కన పెట్టారు. ఆ వదులు చేతుల చొక్కాతో వద్దన్నాను, వెళ్లి మార్చుకొచ్చారు. చేతిలో ఉన్న పొట్టి ఫోర్కు వద్దు, పొడుగు పట్టకారు తెచ్చానన్నాను. నా కారులోంచి ఇసుక బకెట్టు దించేసరికి ఆయన మొహం గంటు పెట్టుకున్నారు.

"ఏం బాబూ, పెళ్లి పీటల మీద కూడా వద్దు తప్ప ఇంకో మాట రాదా నీకు?"

నాయనమ్మ పకపకా నవ్వింది. మనవరాలు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"కొంప ముంచేలా ఉన్నావు. ఒక్క గంట నోరు కట్టేసుకో, నీకు దణ్ణం పెడతాను."

సరేనన్నాను.

మబ్బు ఎప్పుడు పట్టిందో చూడలేదు. కోడిముక్కలు సగం కాలాయో లేదో వాన దబదబా కురిసింది. ప్లేట్లు నెత్తిన పెట్టుకుని ఆమె పరిగెత్తింది. తడిసిన జుట్టు చెంపకి అతుక్కుపోయింది. నేను గ్రిల్ సంగతి మరిచిపోయి ఆ చెంపనే చూస్తూ నిలబడ్డాను.

"గ్యారేజీలోకి లాగుదాం, పట్టు," అన్నారు మాస్టారు. "ఇదీ వద్దంటావా?"

మా ఫ్యాక్టరీ గోడ మీద ఒక బోర్డుంది. మండే బొగ్గును మూసిన గదిలో ఉంచరాదు. రాయించింది నేనే.

ఆయన నావైపు చూస్తున్నారు. ఆమె కూడా చూస్తోంది, కనుబొమలతోనే బతిమాలుతూ.

"పట్టండి మాస్టారూ," అన్నాను.

జల్లు లోపలికి కొడుతోందని ఆయన నాయనమ్మ కుర్చీని లోపలికి జరిపి, షట్టర్ కిందిదాకా దించేశారు. కాస్త తెరిచి ఉంచుదామని అనబోయి మింగేశాను. పొగ లేదు, మంట లేదు, బొగ్గులు ఎర్రగా ముద్దొస్తున్నాయి. అరగంటలో ఏమవుతుందిలే అనుకున్నాను.

మాస్టారు మెత్తబడ్డారు. "మంచివాడివేనయ్యా. మొదట్లో విసుగొచ్చింది గానీ, చెబితే వింటావు," అని నా ప్లేట్లో ముక్క వేశారు. నాకు తల తిరిగిపోయింది. సంతోషమనుకున్నాను. అంత వెర్రివాణ్ణి.

ఆమె నుదురు రుద్దుకుంటోంది.

"నాన్నా, నీకు తలనొప్పిగా ఉందా?"

"ఇప్పుడే మొదలైంది. ఎండకి తిరిగాను కదా."

"నీకు?" అని నన్నడిగింది.

"కొంచెం."

ఆమె చేతిలో ప్లేటు కిందపడింది. ఒకే గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆమె అడగాల్సిన తర్వాతి ప్రశ్న, లోపల నిప్పుందా అని.

"నాయనమ్మా," అని పిలిచింది.

నాయనమ్మ కుర్చీలో తల వాల్చేసి ఉంది. తిని కునుకు తీస్తోందనుకున్నాం. ఒళ్లోని ప్లేటులో ముక్క ముట్టుకోనే లేదు.

మాస్టారు లేవబోయి మోకాళ్ల మీద కూలబడ్డారు. షట్టర్ పట్టుకుంటే నా చేతులు నావి కావు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి భుజం పెట్టి లేపాను. నాయనమ్మని కుర్చీతో సహా వానలోకి లాగాం. మాస్టారు పాకుతూ వచ్చారు. గ్రిల్ జోలికి ఎవరూ వెళ్లలేదు.

మొహం మీద అంత వాన పడుతున్నా పెద్దావిడ కళ్లు తెరవలేదు.

ఆమె తన ఆఫీసుకే ఫోన్ చేసింది. ఎత్తింది తన స్నేహితురాలే. "అడ్రసు చెప్పండి," అంది అటువైపు గొంతు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. ఇరవై ఆరేళ్లుగా ఉంటున్న ఇంటి నంబరు గుర్తు రావడం లేదు. నావైపు చూసిన ఆ కళ్లు నేను చచ్చేదాకా మరిచిపోలేను. ఫోను తీసుకుని అడ్రసు నేను చెప్పాను.

ఆసుపత్రిలో నలుగురికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. "ఆ బొగ్గుల విషగాలికి వాసన ఉండదు, కంటికీ కనబడదు," అన్నాడు డాక్టరు. "ఇంకో పావుగంట ఆగుంటే పెద్దావిడ దక్కేది కాదు." సాయంత్రానికి పక్క గదిలో నాయనమ్మ కళ్లు తెరిచి, వాన తగ్గిందా అని అడిగిందని నర్సు వచ్చి చెప్పింది. మాస్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

నేనింక దాచలేకపోయాను.

"నాకు తెలుసు మాస్టారూ. బొగ్గు లోపల పెట్టకూడదని బోర్డు రాయించినవాణ్ణి నేనే. మీకు నచ్చాలని నోరు మూసుకున్నాను."

పక్క మంచం మీద ఆమె లేచి కూర్చుంది.

"తెలిసీనా?"

"తెలిసే."

అటు గోడవైపు తిరిగి పడుకుంది.

మాస్టారు పైకప్పు చూస్తూ మెల్లగా అన్నారు.

"నాలుగుసార్లు వద్దన్నావు. నాలుగుసార్లూ నీ మీద చిరాకేసింది. ఐదోసారి నోరెత్తలేదు, అప్పుడు నచ్చావు. నువ్వు నాకు నచ్చిన అరగంటలో మా అమ్మ పోయేది."

ఆయన మాస్కు లాగేసి కాళ్లు కిందపెట్టారు.

"అమ్మని చూసొస్తాను."

నర్సు లేదు. ఆయన ఒళ్లు ఇంకా తూలుతోంది. మళ్లీ అడ్డుపడితే ఇక ఈ జన్మలో నన్ను గడప తొక్కనివ్వరని తెలుసు.

"వద్దు మామయ్యా. డాక్టరు వచ్చేదాకా మాస్కు తీయొద్దు."

ఆయన అలాగే ఆగిపోయారు.

"ఏమన్నావు?"

"తీయొద్దన్నాను."

"అది కాదు. నన్నేమన్నావు?"

అప్పుడు తెలిసింది ఏం పిలిచానో. వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

గోడవైపు తిరిగి ఉన్న ఆమె ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెప్తున్నాడుగా నాన్నా," అంది. "విను."

మామయ్య కిక్కురుమనకుండా మాస్కు పెట్టుకుని పడుకున్నారు.